ఏడాది బాడుగ

మా ఇంట్లో బాడుగ అనే మాటను ఎవరూ గట్టిగా పలికేవాళ్లు కాదు. ఇంట్లో మనిషికి ఉన్న రోగం పేరు చెప్పినట్టు గొంతు తగ్గించి చెప్పేవాళ్లు. బాడుగ తీసుకోకూడదు, బాడుగ ఇవ్వకూడదు. మా నాయన నాకు అక్షరాలకన్నా ముందు నేర్పిన నియమం ఇది. కార్వేటినగరం పక్కన ఉన్న మా ఊళ్లో, మా తాత కాలంలో, సామాన్లు దాచే మా ఉగ్రాణంలో పద్నాలుగు ఇత్తడి గంగాళాలు ఉండేవి. చుట్టుపక్కల పల్లెల్లో ఎవరింట్లో పెళ్లి జరిగినా బండి కట్టుకొని వచ్చి వాటిని తీసుకుపోయేవాళ్లు. పని అయ్యాక చింతపండుతో తోమి, తళతళలాడించి తెచ్చి ఇచ్చేవాళ్లు. వాటికి పైసా పుచ్చుకునే అలవాటు మాకు లేదు. పుత్తూరులో వంటపాత్రలు బాడుగకిచ్చే అంగడి మొదటిసారి వెలిసినప్పుడు నాయన దాని ముందు నిలబడి, బోర్డు రెండుసార్లు చదివి ఇంటికి వచ్చేశాడు. ఆ పూట అన్నం తినలేదు.

నాయన బస్సు ఎక్కేవాడు. బస్సులో టికెట్టు అందరికీ ఒకటే కాబట్టి అది బాడుగ కిందికి రాదని ఆయన తీర్మానం. బాడుగ కారు మాత్రం ఎక్కేవాడు కాదు. జ్వరంతో ఉన్నప్పుడు కూడా బస్సు దిగిన చోటి నుంచి ఇంటికి నడిచే వచ్చాడు. అప్పటికి మాకు సొంత కారు లేదు, సొంత బండీ లేదు. భూములు కొన్ని సీలింగులో పోయాయి, కొన్ని దాయాదుల వ్యాజ్యాల్లో పోయాయి. ఇల్లు పడమటి వైపు నుంచి కూలుతూ వచ్చింది. ఏ ఏడు ఏ గది పోతే ఆ గది తలుపు వేసేసి తూర్పు వైపుకు జరిగేవాళ్లం. నాయన పోయేనాటికి మాకు మిగిలింది వంటిల్లు, ఉగ్రాణం.

తొంభైల మధ్యలో నేను తిరుపతికి వచ్చాను. చేతిలో ఉన్నదానితో రైల్వే స్టేషను దగ్గర మంచి అంగడి బాడుగకు దొరికేది. తెలిసినవాళ్లందరూ అదే చెప్పారు. నేను ఒక సందులో, మూడో మలుపులో, ఎదురుగా గోడ తప్ప మరేమీ కనిపించని చోట చిన్న అంగడి కొన్నాను. వెనక పడక వేసుకునేంత గది ఉంది. వెతుక్కుంటూ వచ్చేవాళ్లు తప్ప దారిన పోయేవాళ్లు ఎవరూ ఆ వైపు రారు. అయినా గోడలు నావి. వాటికి సున్నం నేనే వేశాను.

పెళ్లి గురించి కూడా ఒక మాట చెప్పి ముగిస్తాను. మా ఇంటి పేరు నిలబడి ఉన్న రోజుల్లో వచ్చిన సంబంధాలు మాకు తగవని నాయన పంపేశాడు. తర్వాత వచ్చినవి నాకు తగవని నేను పంపేశాను. ఆ తర్వాత ఎవరూ రాలేదు.

ఆ రోజుల్లో తిరుపతిలో కంప్యూటరు మీద తెలుగు అక్షరాలు కూర్చే అంగళ్లు ఒకటొకటిగా పుడుతున్నాయి. శుభలేఖలు, కరపత్రాలు, కల్యాణమండపాల రసీదు పుస్తకాలు. నాకు చేతిరాత బాగుండేది, తెలుగు తప్పుల్లేకుండా వచ్చేది. నేర్చుకున్నాను. యంత్రం కొన్నాను. తెలుగు అక్షరాల సాఫ్ట్‌వేరు అమ్మే మనిషి హైదరాబాదు నుంచి సంచీ భుజాన వేసుకొని వచ్చాడు. చాలా అంగళ్లలో ఉన్నది దొంగ కాపీ అని ఆ పనిలో ఉన్న అందరికీ తెలుసు. నాకూ అలాంటిది వందరూపాయలకు ఇస్తామన్నవాళ్లు ఉన్నారు. దొంగిలించిన దానిమీద కూర్చుని శుభలేఖ కొట్టడం నావల్ల కాదు. గంగాళాల్లో మిగిలిన తొమ్మిదింటినీ తిరుపతి పాత్రల వ్యాపారికి తూకానికి వేసి, పూర్తి ధర ఒకేసారి ఇచ్చి కొన్నాను.

ఆ మనిషి నోట్లు లెక్కపెట్టుకుంటూ నవ్వాడు. "మొత్తం ఒకేసారి ఇచ్చినోళ్లు ఈ ఊళ్లో మీతో ముగ్గురే సార్" అన్నాడు.

"మిగతా ఇద్దరు ఎవరు?" అని అడిగాను.

"ఒకాయన మూసేసినాడు. ఇంకోటి గవర్నమెంటు ఆఫీసు."

పెట్టెలో ఆరు ఫ్లాపీలు, ఒక ఇంగ్లీషు పుస్తకం, బొటనవేలంత నల్లటి లాకు ఉన్నాయి. ఆ లాకును కంప్యూటరు వెనక ప్రింటరు తీగ పెట్టేచోట గుచ్చాలి. అది ఉంటేనే తెలుగు అక్షరాలు తెరమీదికి వస్తాయి, లేకపోతే రావు. నాకది నచ్చింది. తాళం ఎవరి దగ్గర ఉంటే సొత్తు వాళ్లది.

మూడు నాలుగేళ్లు అలా గడిచాయి. పెళ్లిళ్ల కాలంలో పని ఉండేది. మిగతా రోజుల్లో తలుపు తెరిచి, గోడను చూస్తూ కూర్చునేవాణ్ణి. రోజుకు నాలుగైదు మాటలకన్నా ఎక్కువ మాట్లాడిన రోజులు తక్కువ. అవి కూడా ఎన్ని కార్డులు కావాలి, ఏ రంగు, ఎప్పటికి అన్నవే.

అయ్యవారు వచ్చింది అప్పుడే. మా వైపు బడిపంతుల్ని అయ్యవారు అంటారు. నాకన్నా పదేళ్లు పెద్ద. ఉద్యోగం అయిపోయి పల్లెలోనే ఉంటున్నాడు. ఆయన పల్లె మా ఊరికి రెండు మైళ్లు. ఆయన తాత మా ఉగ్రాణం చూసుకునేవాడు. ఆ సంగతి లోపలికి వస్తూనే ఆయనే చెప్పాడు, ఎవరో ఇద్దరికీ తెలిసిన మూడో మనిషి గురించి చెప్పినట్టు.

"దొరోరి అంగడి సందులో ఉండాదని చెప్పినారు. సందు దొరికింది, అంగడి దొరకల్యా. మూడుసార్లు తిరిగినా" అన్నాడు.

చేతిలో మూడు చెప్పుల అట్టపెట్టెలు. వాటినిండా చీటీలు. మా వైపు సేద్యంలో వాడే మాటలు ముప్పై ఏళ్లుగా ఒక్కో చీటీ మీద ఒక్కోటి రాసి పెట్టుకున్నాడు. ఎద్దులతో నీళ్లు తోడే కపిలకు ఉన్న ఒక్కో భాగం పేరు. వరి కయ్యల మధ్య గట్టుగా కట్టే గెనిమలో ఎన్ని రకాలో, వాటి పేర్లు. నీళ్లు కయ్యలోకి మళ్లించే మడవ దగ్గర చేసే పనుల మాటలు. సగం అరవం, సగం తెలుగు కలిసిన మాటలు. మోటార్లు వచ్చాక కపిల పోయింది, కపిలతో దాని మాటలు పోతున్నాయి, ఎవరో ఒకరు పుస్తకం చేయాలి అని ఆయన పట్టుదల.

"పేజీకి ఎంత తీసుకుంటావప్పా?"

చెప్పాను.

"అబ్బో. బడిపంతులుకు కూడా అంతేనా?"

"ధర అందరికీ ఒకటే" అన్నాను. నాయన గొంతు నాకే వినిపించింది. తర్వాత సగానికి తగ్గించాను. ఆ సంగతి ఆయనతో చెప్పలేదు, రసీదులో రాశాను.

మంగళవారం, శుక్రవారం పుత్తూరు బస్సులో వచ్చేవాడు. నా పక్కన స్టూలు వేసుకొని కూర్చుని చీటీ చదివేవాడు, నేను కొట్టేవాణ్ణి. మధ్యాహ్నం ఆయన తెచ్చుకున్న సంగటి, ఊరిబిండి పచ్చడి ఇద్దరం తినేవాళ్లం. నేను ఆయన్ని మీరు అనేవాణ్ణి. ఆయన నన్ను నువ్వు అనేవాడు. "బడిపంతులుకు ఊరంతా నువ్వే, దొరైనా సరే" అనేవాడు. దొరా అన్న పిలుపులో ఆయన నవ్వు దాచుకునేవాడు కాదు. నాకు కోపం రాకపోవడం నాకే వింతగా ఉండేది.

ఒక శుక్రవారం కరెంటు పోయి కూర్చున్నప్పుడు ఆయన సాఫ్ట్‌వేరు పెట్టెలోని ఇంగ్లీషు పుస్తకం తీశాడు. చేతికి దొరికిన కాగితం ఏదైనా చదవడం ఆయన అలవాటు. వాకిట్లోని వెలుతురుకు పుస్తకం పట్టుకొని చాలాసేపు చదివి నావైపు తిరిగాడు.

"దొరా, దీన్ని నువ్వు కొన్న్యానంటావే. నువ్వు కొనల్యా."

"రసీదు ఉంది."

"రసీదు ఉండాది. ఈడ రాసుండేది సూడు. ఇది వాళ్ల సొత్తే అంట. నీకు వాడుకునేదానికి అనుమతి ఇచ్చినారంట, అంతే. అమ్ముకోకూడదు, ఇంకొకరికి ఇయ్యకూడదు. మీ తాత కయ్యలు కౌలుకిచ్చినప్పుడు ఇట్లనే రాయించుకునేవాడు."

"కౌలుకు ఏటేటా కట్టాలి. నేను ఒకేసారి కట్టాను. తాళం నా దగ్గర ఉంది."

"అదీ నిజమేలే" అని పుస్తకం పెట్టెలో పెట్టేశాడు. ఆ రోజు నేను గెలిచానని అనుకున్నాను.

మూడో ఏడుకు పుస్తకం నాలుగువందల పేజీలు దాటింది. మొదటి రెండువందల పేజీలు కాగితం మీద తీసి ఆయనకు దిద్దడానికి ఇచ్చాను. ఆయన దిద్దినవన్నీ మళ్లీ కంప్యూటరులో సరిచేశాను. మిగతా సగం తెరమీదే చూసుకుంటూ చేశాం. అంటే సరైన పుస్తకం కంప్యూటరులో మాత్రమే ఉంది.

ఆ ఏడే ఆయన కళ్లు తిరుపతిలో కంటి డాక్టరుకు చూపించుకున్నాడు. గడప తగిలి పడబోతున్నాడు, పక్కనుంచి వచ్చే సైకిళ్లు కనబడటం లేదు. నీటికాసులు అన్నారు. పక్కచూపు చాలావరకు పోయిందని, పోయింది రాదని, ఉన్నది నిలుపుకోవడానికి చుక్కలు వేసుకోమని చెప్పారు. అయ్యవారు ఆ సంగతి నాకు వేరే ఎవరిదో కబురులా చెప్పాడు.

"గొట్టంలోంచి సూసినట్టుండాది. నడిమధ్య మాత్రం బాగుండాది. అది ఉండంగానే ప్రూపులు సూసేయల్ల. ఈ మాటల్లో తప్పొస్తే పట్టుకునేది నేనొక్కణ్ణేగదా."

"సంక్రాంతి దాటగానే అచ్చుకు పంపేద్దాం" అన్నాను.

నవంబరు వానల్లో ఒక సాయంత్రం పిడుగు ఎక్కడో దగ్గర్లో పడింది. కంప్యూటరుకు ఏమీ కాలేదు. లాకు పోయింది. మరునాడు తెరమీద తెలుగు ఉండాల్సిన చోట ఏమీ రాలేదు. లాకు లేదు అని ఒక ఇంగ్లీషు వాక్యం మాత్రం వచ్చింది.

హైదరాబాదుకు ఫోను చేశాను. అవతల ఉన్న అమ్మాయి మర్యాదగా చెప్పింది. పాత లాకులు ఇప్పుడు చేయడం లేదు. పాత సాఫ్ట్‌వేరుకు మరమ్మతు లేదు. ఇప్పుడంతా ఏడాది పథకం. ఏడాదికి ఇంత కడితే ఒక నంబరు ఇస్తారు, దాన్ని కొట్టుకుంటే కొత్త సాఫ్ట్‌వేరు పని చేస్తుంది, పాత ఫైళ్లు కూడా అందులో తెరుచుకుంటాయి. ఏడాది కాగానే మళ్లీ కట్టాలి.

"కట్టకపోతే?"

"ఆగిపోతుంది సార్."

"నేను పూర్తి ధర ఇచ్చి కొన్నాను."

"అది పాతది సార్."

ఆవిడ చెప్పిన మొత్తం పెద్దది కాదు. నేను మొదట పెట్టినదానిలో ఐదో వంతు కూడా కాదు. పెద్ద వీధిలో ఉన్న అంగళ్లన్నీ అప్పటికే ఆ పథకంలో ఉన్నాయి. దొంగ కాపీలతో మొదలుపెట్టినవాళ్లు కూడా ఏడాదికోసారి కట్టి దర్జాగా పని చేసుకుంటున్నారు. ఒక్క రూపాయి తక్కువ లేకుండా కొన్న నేను ఆగిపోయాను. కొన్న వస్తువు పిడుగుకు పోతే మరమ్మతు చేసి ఇవ్వాలి, అంతేగాని బాడుగకు తీసుకొమ్మనడం ఏమిటని ఆ రోజే కంపెనీకి ఉత్తరం రాశాను. మా తాత కలెక్టరుకు రాసిన ఉత్తరాల నకళ్లు చూసి నేర్చుకున్న తెలుగులో రాశాను. రిజిస్టరు పోస్టులో పంపాను.

ఇప్పటికీ ఆ వాదనలో తప్పుందని నేను అనుకోవడం లేదు.

మంగళవారం అయ్యవారు వచ్చి సంగతంతా విన్నాడు.

"అయితే ఫైళ్లు పోలేదు గదా?"

"పోలేదు. ఇందులోనే ఉన్నాయి. తెరుచుకోవు, అంతే."

"మరింకేమప్పా. ఒక ఫ్లాపీలోకో దేంట్లోకో ఎక్కించి ఇయ్యి. పెద్ద ఈదిలో వాళ్ల కాడ తెరిపించి, కాగితం తీయించుకుంటా. దిద్ది తెచ్చిస్తా. నీ లాకు వచ్చినాక నువ్వే సరిచేద్దువు."

ఎంత తేలికైన దారి. ఆయన అడిగినది పది నిమిషాల పని. నేను "ఉండండి, ఉత్తరం రాశాను, జవాబు రానివ్వండి" అన్నాను. నా అంగట్లో, నేను కొన్నదానితో, నేను మూడేళ్లు చేసిన పని ఏడాది బాడుగ కట్టే అంగట్లో తెరుచుకోవడం, అక్కడివాళ్లు దాన్ని చూసి ఆ సందులో దొర దగ్గర ఆగిపోయిందట అనుకోవడం నా కళ్లముందు కదిలింది. ఆయన కళ్ల సంగతి నాకు ఆ క్షణంలో గుర్తు లేదని చెప్పలేను. గుర్తుంది.

జవాబు రాలేదు. రెండో ఉత్తరం రాశాను, మూడోది రాశాను. శుభలేఖల పని ఇంకో అంగడికి పోయింది. అయ్యవారు మంగళవారం, శుక్రవారం మానకుండా వచ్చేవాడు. చేసే పని లేదు. స్టూలు మీద కూర్చునేవాడు. "ఏమన్నా వచ్చిందా దొరా?" అనేవాడు. లేదనేవాణ్ణి. "కంపినీవోడు మీ తాత మాదిరి ఉండాడే, అర్జీ పెట్టినోణ్ణి ఆర్నెల్లు తిప్పేటట్టుండాడు" అని నవ్వించేవాడు. సంక్రాంతి వచ్చింది, పోయింది. ఆయన సందు మలుపులో గోడ పట్టుకొని రావడం నేను గమనించాను.

మాఘంలో ఒక శుక్రవారం ఆయన చొక్కా జేబులోంచి మడిచిన కవరు తీసి కీబోర్డు మీద పెట్టాడు.

"పింఛను వచ్చింది. ఏడాదికి వాళ్లు అడిగేది దీంట్లో ఉండాది. కట్టేయప్పా. నీ పేరుతోనే కట్టు. పుస్తకం బయటపడతాది."

"మీ డబ్బుతో నా అంగడికి బాడుగ కడతారా?"

"బాడుగని ఏల అంటావబ్బా. నేను కంట్లో పోసుకుంటా ఉండేది ఏంది? నెలనెలా కొనల్ల, పోసుకోవల్ల. ఆపితే సూపు పోతాది. నేనేమన్నా కండ్లు ఒకేసారి కొనుక్కోని కూసున్న్యానా?"

"అది మందు. ఇది వేరు. కొన్నదానికి మళ్లీ మళ్లీ కట్టడం మా ఇంటా వంటా లేదు. మా తాత పద్నాలుగు గంగాళాలు ఊళ్లకు ఊళ్లు తిప్పాడు. ఒక్కడి దగ్గర పైసా తీసుకోలేదు."

ఆయన స్టూలు నావైపు జరుపుకున్నాడు. తర్వాత నెమ్మదిగానే చెప్పాడు.

"పైసా తీసుకోలేదు. మా తాత తాళం తీసి గంగాళం దించేది నేను సిన్నప్పుడు సూసినా. మళ్ల తెచ్చినోళ్లు అట్లే పోయినారనుకుంటా ఉండావా? మీ కళ్లంలో ఒకపూట పని చేసి పోవల్ల. గంగాళానికి ఒక మనిషి. పసుపు బట్టల్తో వచ్చిన పెండ్లికొడుకు ధాన్యం తూర్పారబట్టింది నేను సూసినా. మీ నాయనకు తెల్సు. నీకు చెప్పిండడు."

నాకు చెప్పలేదు. నాయనకు తెలుసో తెలియదో కూడా నాకు తెలియదు. ఆ మాట అబద్ధమని నాకు అనిపించలేదు. అందుకే నోరు జారింది.

"మీ తాత మా ఉగ్రాణం తాళాలు మోసి బతికినోడు. ఆయన మనవడి డబ్బుతో నా అంగడి నడవాల్సిన గతి నాకింకా పట్టలేదు. నీ కవరు నువ్వు తీసుకో."

మూడేళ్లలో ఆయన్ని నువ్వు అన్నది అదే మొదటిసారి. ఆయన కవరు కోసం చేయి చాపాడు. అది కీబోర్డు అంచున ఉంది, ఆయనకు కనబడలేదు. తడుముకున్నాడు. నేను తీసి చేతిలో పెట్టాను. అట్టపెట్టెలు మూడూ ఒకదానిమీద ఒకటి పేర్చుకొని, గుమ్మం కాలితో వెతికి, దిగి పోయాడు.

మరుసటి మంగళవారం రాలేదు. శుక్రవారం రాలేదు. నేను ఎదురుచూడటం లేదని నాకు నేను చెప్పుకుంటూ ఆ రెండు రోజులూ బయటికి పోలేదు. కంపెనీ నుంచి జవాబు వచ్చింది, ఇంగ్లీషులో, నాలుగు వాక్యాలు. మీకు ఇచ్చినది ఆ నాటి సాఫ్ట్‌వేరును వాడుకునే అనుమతి మాత్రమే అని మొదటి వాక్యం. అయ్యవారు వాకిట్లో నిలబడి చదివిన మాటే. చించి పారేసి నాలుగో ఉత్తరం మొదలుపెట్టాను.

చైత్రంలో కార్డుల ఏజెంటు ఒకతను దారి తప్పి వచ్చినట్టు నా అంగడికి వచ్చాడు. కూర్చోబెట్టి నీళ్లిచ్చాను.

"మీ అయ్యోరు పెద్ద ఈదిలో అంగట్లో కూసోనుండాడు సార్, రెండు నెల్లుగా. చీటీలన్నీ మొదుట్నించి కొట్టిస్తా ఉండాడు. పక్కన కోడలు కూసోని సదువుతా ఉండాది" అన్నాడు. "మీ కాడ అయిపోయిందనుకున్న్యానే?"

"అయిపోయింది" అన్నాను.

మొదటి నుంచి. నాలుగువందల ముప్పై పేజీలు నా యంత్రంలో ఉండగా, ఆయన చీటీలు పట్టుకొని మొదటి నుంచి కొట్టిస్తున్నాడు. నన్ను ఇంకోసారి అడగలేదు.

నాలుగో ఉత్తరం పంపలేదు. వారం తర్వాత బ్యాంకుకు పోయి ఏడాది పథకానికి డీడీ తీశాను. కౌంటరు వెనక గుమస్తా దేనికోసమని అడిగితే చెప్పలేదు. కొత్త సాఫ్ట్‌వేరు పోస్టులో వచ్చింది. ఫోనులో ఒక మనిషి పదహారు అంకెలు చదివాడు. కొట్టాను. తెరమీద ఇంకా మూడువందల అరవై అయిదు రోజులు అని వచ్చింది. ఫైలు తెరిచాను. అక్షరం చెక్కుచెదరలేదు. అయిదు నెలల కిందట మేము ఆపిన మాట దగ్గరే ఆగి ఉంది.

అక్షరాలు పెద్దవి చేసి పేజీలన్నీ కాగితం మీద తీశాను. రెండు రోజులు పట్టింది. వాటిని గుడ్డలో కట్టుకొని పుత్తూరు బస్సెక్కాను. పుత్తూరులో మారి ఎక్కింది మా ఊరి మీదుగా పోయే బస్సు. మా ఇల్లున్న వైపు నేను చూడలేదు.

అయ్యవారు ఇంటి ముందు పంచలో కుర్చీలో ఉన్నాడు. నా గొంతు విని లేచి నిలబడ్డాడు.

"రండి సార్. కూర్చోండి. ఏమ్మా, సారుకు మంచినీళ్లు తీసుకరా."

నీళ్ల చెంబు పక్కన పెట్టాను. మూట విప్పి కాగితాలు ఆయన ఒళ్లో పెట్టాను. ఏమిటో చెప్పాను. ఆయన పైకాగితం తీసి ముఖానికి దగ్గరగా పెట్టుకున్నాడు, తల అటూ ఇటూ తిప్పాడు, వాకిట్లో ఎండకు పట్టాడు.

"అక్షరాలు ఉండాయని తెలస్తా ఉండాది. ఏ అక్షరమో తెలీడంల్యా. శివరాత్రి వరకు పెద్దవి కనపడినాయి" అన్నాడు. అందులో నిష్ఠూరం లేదు. డాక్టరుకు చెప్పినట్టు చెప్పాడు.

"నేను చదువుతాను. మీరు వింటే చాలు. తప్పులుంటే అచ్చుకు ముందే..."

"అచ్చుకు పోయిన ఆదివారమే పోయింది సార్. అయిపోయింటాది." కాగితాలన్నీ అంచులు సరిచేసి, గుడ్డలో కట్టి, ముడి వేసి నా వైపు చాపాడు. "శ్రమ తీసుకోని వచ్చినారు. భోజనం చేసి పోండి."

భోజనం చేయలేదు. తప్పు నాదేనని చెప్పడానికి నోరు తెరిచాను. ఆయన కోడలు గుమ్మంలో నిలబడి ఉంది. నా వెన్ను దానంతటదే నిటారుగా అయింది. "బస్సు వేళైంది" అని వచ్చేశాను.

రెండు నెలలకు పుస్తకం పోస్టులో వచ్చింది. లోపల ఉత్తరం లేదు. మూడువందల ఎనభై పేజీలు, మంచి కాగితం. మొదటి పేజీ తిప్పగానే తప్పులు కనిపించాయి. గెనిమలు నాలుగు రకాలుండగా మూడే ఉన్నాయి. మడవ కింద ఉండాల్సిన వివరం కపిల కింద పడింది. అరవం నుంచి వచ్చిన మాటలు చాలావాటికి, కొట్టినవాళ్లకు అర్థంకాక, దగ్గరగా ఉన్న వేరే తెలుగు మాట వేశారు. కోడలు చీటీలో ఉన్న సరైన మాటే చదివి ఉంటుంది, ఆయనకు సరిగ్గానే వినిపించి ఉంటుంది, తెరమీద పడింది వేరని ఇద్దరికీ తెలిసి ఉండదు. నేను ఎర్రసిరా పెన్నుతో, నా ఫైలు పక్కన పెట్టుకొని, అంతా దిద్దాను. వానాకాలమంతా దిద్దాను. ఆరువందల పైచిలుకు తప్పులు. ఒక్కో మాట దిద్దుతున్నప్పుడు అది ఏ మంగళవారం చెప్పాడో, దానికి ముందు ఏమి తిన్నామో కూడా కొన్నిటికి గుర్తొచ్చింది.

ఆ దిద్దిన ప్రతి ఆయనకు పంపాలా అని చాలా ఆలోచించాను. చూడలేని మనిషికి తప్పుల లెక్క పంపడం ఎందుకని పంపలేదు. ఆయన ఇంకో మూడేళ్లు బతికాడు. పుస్తకం ముట్టుకొని, తడిమి, వచ్చినవాళ్లకు చూపించేవాడని మా ఊరివాళ్లు చెప్పారు. రెండో ముద్రణ కావాలని ఎవరూ అడగలేదు. ఇప్పటివరకూ అడగలేదు.

అంగడికి ఇప్పుడు పని లేదు. శుభలేఖలు ఎవరి ఇంట్లో వాళ్లే కంప్యూటరులో చేసుకుంటున్నారు. ప్రతి ఏడాదీ మిగిలిన రోజులు పదికి తగ్గగానే తెరమీద ఎర్ర అక్షరాలు వస్తాయి. బ్యాంకుకు పోయి డీడీ తీస్తాను, అంకెలు కొట్టుకుంటాను. కట్టకపోతే ఆ ఫైలు తెరుచుకోదు. నెలకోసారి దాన్ని తెరిచి, నాలుగు రకాల గెనిమలూ వాటి చోట ఉన్నాయని చూసి మూసేస్తాను.